కాగితం మీది కాలివంతెన

రోజూ పొద్దున లేవగానే, మొహం కూడా కడుక్కోకుండా, గీతల మాస్టారు తన బ్లాగులో ఒకే పేజీ తెరుస్తాడు. దాని కింద కుట్టుపని చేసే ఆవిడ రాసిన వ్యాఖ్య ఉంటుంది: "బాబాయిగారూ, కాలువ మీద వంతెనేం లేదండీ. మేం నీళ్ళ గొట్టం మీద నడిచి దాటుతున్నాం." దానికి ఆయన జవాబు: "కళ్ళజోడు పెట్టుకుని మ్యాపు చూడు తల్లీ." ఆ వెటకారం నచ్చిందన్నవాళ్ళు నూట పన్నెండు మంది.

నగర ప్రణాళికా విభాగంలో ఆయన ముప్పయి రెండేళ్ళు ట్రేసరు. మ్యాపు మీద పల్చటి కాగితం పరిచి, గీత మీద గీత దింపడమే పని. ఉన్న కట్టడానికి నిండు గీత, కట్టబోయేదానికి చుక్కల గీత. రిటైరయ్యాక బడ్జెట్టు పుస్తకాలు ముందేసుకుని బ్లాగు మొదలుపెట్టాడు. నిరుడు కాలువ మీద కాలివంతెనకు కేటాయింపు కనబడగానే మ్యాపు తీశాడు. అక్కడ నిండు గీత ఉంది. ఉన్న వంతెన పక్కనే మరో వంతెన ఎవరి బొజ్జ నింపడానికని ఏకిపారేశాడు. ఆ టపాను ఒక సభ్యుడు కౌన్సిల్లో చదివి వినిపించాడు. పద్దు ఎగిరిపోయింది.

వానల్లో కుట్టుపనావిడ గొట్టం మీంచి జారింది. బతకలేదు.

అప్పుడు వెళ్ళాడాయన కాలువ గట్టుకి, మొదటిసారి. వంతెన లేదు. ఏనాడూ లేదట. అక్కణ్ణుంచి పాత ఆఫీసుకు వెళ్ళి, రికార్డు గదిలో అసలు మ్యాపు, ట్రేసింగు పక్కపక్కన పరిచి చూశాడు. అసలుదాంట్లో చుక్కలు. ట్రేసింగులో నిండు గీత. కింద మూలన ఆయన పొడి సంతకం.

"మీ చేతి చలవే గురువుగారూ," అన్నాడు గుమాస్తా. "మీరు కట్టిన వంతెన ఇంతవరకూ బీట వారలేదు."

ఆ గీత గీసిన రోజు ఎంత తవ్వుకున్నా ఆయనకు గుర్తు రాదు. చొక్కా అంచున కుట్టు కనబడినా చూపు తిప్పుకుంటాడు.

"మళ్ళీ ఆవిడ దగ్గరికేనా?" అంది భార్య, ఫోను చేతిలో చూసి. "ఎన్నాళ్ళు చూస్తారు? ఇవాళ బడ్జెట్టు మీద విచారణ ఉందిగా, వెళ్ళి చెప్పేయండి."

"చెబితే ఇక నా బ్లాగు ఎవడు చదువుతాడే?"

"చదివి ఉద్ధరించింది చూశాంగా."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

బడ్జెట్టు మీద అభ్యంతరాల విచారణలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఆయన రెండు మ్యాపుల నకళ్ళూ బల్ల మీద పెట్టాడు.

"ఇక్కడ వంతెన లేదండీ. గీత తప్పు."

"ఎవరి తప్పని రాసుకోమంటారు?" అన్నాడు అధ్యక్షుడు, కలం మూత తీస్తూ.

"ట్రేసరుది. అంటే నాదే. బ్లాగులో రాసిందీ నేనే."

వెనక కుర్చీల్లో ఎవరో దగ్గారు. అధ్యక్షుడు రాసుకున్నాడు. వంతెన పద్దులోకి తిరిగి ఎక్కింది, ఇప్పట్నుంచి మూడో ఏడాది చేపట్టే పనుల కింద.

వానలకు ఇక ఏడు వారాలే ఉంది.