రిమోట్ పట్టుకున్నవాళ్ళ బాధ్యత

నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్ శిక్షణలో ప్రాక్టికల్స్ మొదలైనప్పుడు, మా సార్ ఒక్కొక్కరినీ ఒక్కో తలకాయ తెచ్చుకోమన్నారు. అప్పటిదాకా ఆరుగురమూ ఒకరి తలకు ఒకరం వైర్లు అంటించుకునేవాళ్ళం. ఇక బయటి తల కావాలట. ఆ తల పట్టపగలు రెండు గంటలు నిద్రపోవాలి కూడా. అనంతపురం ఎండల్లో పగలు నిద్రపోగల మనిషి నాకు ఒక్కరే తెలుసు. మా నాయన.

నాయనకు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి పగలే పడుకుంటాడు. మాది ఒకటే గది, టీవీ కూడా అందులోనే. అందుకని ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. నాయన గురక పెడుతుంటే సౌండు పెంచుతాం, లేకపోతే సీరియల్ వినపడదు. గురక ఆగగానే తగ్గిస్తాం, ఆయన నిద్ర చెడిపోతుందని. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది ఆ బాధ్యత. ఆ పనిలో ఇంట్లో నా అంత చురుకైనవాళ్ళు లేరు.

శనివారం షిఫ్టు దిగి, ఇంటికి పోయి స్నానం చేసి, బస్సెక్కి వచ్చాడు. ఆసుపత్రికి కదా అని అమ్మ తలకు దండిగా నూనె పెట్టి దువ్వి పంపింది. నూనె తలకు వైరు అంటుకోదు. ఆ మాట ముందే చెప్పడం మరిచిపోయింది నేనే.

"పెద్ద డాక్టర్లు ఉండే తావుకు ఎండు తలతో వస్తారా పాపా?" అన్నాడు.

రెండు షాంపూ ప్యాకెట్లు కొని కొళాయి కింద రుద్దాను. నూనెతోపాటు కొంత బండల పొడి కూడా పోయింది. తల ఆరాక టేపుతో కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, పేస్టుతో వైర్లు అంటించాను. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు. సార్ గడియారం చూసి తల ఊపారు.

"ఇంగ పడుకోవచ్చునా?" అని అడిగిన నాయన, నా జవాబు వినకుండానే పడుకున్నాడు.

పక్కగదిలో తెర ముందు కూర్చున్నాను. మాకు రెండు నియమాలు. తెర మీద ఏం కనపడినా ముఖం మారకూడదు. ఫలితం డాక్టరే చెప్పాలి, మేం నోరు విప్పకూడదు.

గురక గీత దట్టంగా సాగి, ఆగింది. అలవాటు కొద్దీ సౌండు తగ్గించడానికి నా బొటనవేలు కదిలింది. అప్పుడు పై గీత చూశాను. ముక్కు దగ్గరి గాలి గీత చదునుగా ఉంది. ఛాతీ గీత మాత్రం ఎగసి పడుతోంది. మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు, గాలి ఆడడం లేదు. పది సెకన్లు దాటితే లెక్కలోకి వస్తుందని మాకు నేర్పారు. ముప్పై ఎనిమిది దాకా పోయి, ఒక కుదుపుతో మళ్ళీ గురక మొదలైంది. కాసేపటికి మళ్ళీ ఆగింది.

దాన్నే మేం ఇన్నేళ్ళూ మంచి నిద్ర అనుకున్నాం. సౌండు తగ్గించి మరీ కాపాడాం. నాకు ఏడుపు వచ్చింది. సార్ నా ముఖమే చూస్తున్నారు కాబట్టి ఏడవలేదు.

"డాక్టరు సోమవారం వస్తాడు, చూపిస్తాం. అంతదాకా ఇంట్లో ఏం చెప్పొద్దమ్మా," అన్నారు. నాకు పూర్తి మార్కులు వేశారు.

నాయన లేచి, "ఎట్ల పడుకుంటి పాపా?" అని అడిగాడు.

"డాక్టరు చెప్తాడు నాయనా. సోమవారం మళ్ళీ రావల్ల."

"నా నిద్ర గురించి నాకు డాక్టరు చెప్పేదేముంది? బాగా పడుకుంటి."

ఆదివారం మధ్యాహ్నం నాయన పడుకున్నాడు, అమ్మా నేనూ సినిమా చూస్తున్నాం. గురక ఆగింది. అమ్మ రిమోట్ కోసం చెయ్యి చాపింది. నేను ముందే అందుకున్నాను. గోడ గడియారం చూశాను. పది సెకన్లు. పదిహేను. నోరు విప్పకూడదన్నారు, అంతే కదా. సౌండు చివరిదాకా పెంచేశాను.

నాయన ఎగపీల్చుకుంటూ లేచి కూర్చున్నాడు.

"ఏం మే, తిక్క పట్టిందా? మనిషిని పడుకోనియ్యవా?"

"రాత్రంతా బండల కాడ నిలబడి వచ్చినాడు, కండ్లు కనపడవా నీకి?" అని అమ్మ కూడా అందుకుంది.

నాయన ఒక నిమిషం ఆపకుండా తిట్టాడు. ఆ నిమిషమంతా ఊపిరి బాగా ఆడింది. తిట్టి తిట్టి మళ్ళీ పడుకున్నాడు. నేను రిమోట్ వదల్లేదు.