స్పిన్ మాప్‌కున్న అసలు లోపం

మా మేనమామకి ఒక జబ్బుంది. మీరు దేన్ని మెచ్చుకున్నా అందులో చెడు చెబుతాడు. పోనీ తిడదామా అంటే అందులో మంచి చెబుతాడు. ‘అయితే’ అనే మాట లేకుండా ఆయన నోట వాక్యం పూర్తి కాదు. అందుకే చుట్టాలందరికీ ఆయన ‘అయితే మామయ్య’. పేరు బాగా కుదిరింది మామయ్యా అన్నాను ఒకసారి. “కుదిరింది. అయితే పిలవడానికి కాస్త పొడుగు” అన్నాడు మహానుభావుడు.

ఆయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎవరైనా ఫ్రేము పెట్టుకుని అద్దంలో మురిసిపోతుంటే, “బాగుంది. అయితే ముక్కు మీద మచ్చ పడుతుంది” అంటాడు. సరే వద్దులెండి అని వాళ్లు తీసేస్తే, “అయితే మీ ముఖానికి ఇంతకన్నా నప్పేది దొరకదు” అంటాడు. ఆ దుకాణం ఇన్నేళ్లు ఎలా నడిచిందో నాకిప్పటికీ అర్థం కాదు. నా పెళ్లిలోనూ ఊరుకోలేదు. “అబ్బాయి బుద్ధిమంతుడు. అయితే అది గురక పెట్టే ముక్కు” అన్నాడు. పెట్టాడు. అది వేరే సంగతి.

ఈమధ్య మా అత్తయ్య నడుముకి ఆపరేషన్ అయింది. రెండు నెలల పాటు వంగకూడదు, బరువులెత్తకూడదు, ఇల్లు తుడిచే పనే ముట్టుకోకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇది అయ్యే పనేనా? నేల మీద మరక కనిపిస్తే మా అత్తయ్యకి ముద్ద దిగదు. దాంతో మామయ్యే గుడ్డ పట్టుకుని మోకాళ్ల మీద ఇల్లంతా దేకడం మొదలుపెట్టాడు. లేచేటప్పుడు కుర్చీని పట్టుకునేవాడు, బల్లని పట్టుకునేవాడు, ఏదీ దొరక్కపోతే నా చున్నీ పట్టుకునేవాడు.

చూడలేకపోయాను. మంచి స్పిన్ మాప్, బకెట్ కొని తీసుకెళ్లాను. నేను కొన్నానంటే ఆ వస్తువుకి తిరుగుండదు. హాల్లో పెట్టి, కర్ర చివరున్న కుచ్చుని నీళ్లలో ముంచి, బకెట్ పైనున్న జాలీలో పెట్టి గిర్రున తిప్పి చూపించాను.

“చూశావా మామయ్యా, చేత్తో పిండక్కర్లేదు!”

“అయితే నీళ్లు మురికయ్యాయని చేతికెలా తెలుస్తుంది?”

“నేల చిటికెలో ఆరిపోతుంది.”

“అయితే తుడిచామని ఎవరు నమ్ముతారు?”

“ఎంత గుండ్రంగా తిరుగుతుందో చూడు!”

“అయితే మన గదులకి మూలలున్నాయే! గుండ్రటిది మూలలోకి ఎలా దూరుతుంది?”

అది నిజమే. మూలలో దుమ్ము మూలలోనే ఉంది. ఒప్పుకుంటానా?

“మూలలు పోతే పోయాయి. అన్నిటికన్నా గొప్ప సంగతి, దీనికి వంగక్కర్లేదు!”

“అదేనే దీనికున్న అసలు లోపం!” అని అరిచాడు మామయ్య.

నేను తెల్లబోయాను. ఈ మనిషి నోట ‘అయితే’ రాకపోవడం నేను పుట్టాక ఇదే మొదలు. లోపలి గదిలోంచి అత్తయ్య, “ఏమిటే, వంగక్కర్లేదా? ఏదీ, ఇలా పట్రా చూద్దాం!” అంది హుషారుగా.

మామయ్య ముఖం పాలిపోయింది. నా చెవిలో గుసగుసగా, “కొంప ముంచావు కదే! గుడ్డయితే మీ అత్తయ్య వంగలేక చచ్చినట్టు కూర్చుంటుంది. ఈ కర్ర చేతికొస్తే కూర్చుంటుందా? బకెట్ నిండా నీళ్లు మోస్తుంది, ఇల్లంతా నడుం తిప్పుకుంటూ తిరుగుతుంది. మళ్లీ ఆ ఆసుపత్రిలో దాన్ని పడుకోబెట్టి చూడటం నా వల్ల కాదే. నా మోకాళ్లదేముంది, అరిగితే అరుగుతాయి. తీసుకుపోవే తల్లీ!” అన్నాడు.

ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. బకెట్ ఎత్తి పారిపోదామనుకునేలోపు అత్తయ్య గోడ పట్టుకుని వచ్చేసింది. మాప్ అందుకుంది. మామయ్య ఊపిరి బిగబట్టాడు. రెండంటే రెండు సార్లు అటూ ఇటూ లాగి, ముఖం చిట్లించింది.

“అబ్బే, ఇదేం కర్రే! నాకసలు పట్టే చిక్కడం లేదు. నా వల్ల కాదు. ఏవండీ, మీరే తిప్పుకోండి.”

“నే చెప్పలా!” అన్నాడు మామయ్య. వెంటనే మాప్ లాక్కుని, మోకాళ్లు వంచే పని లేకుండా, దర్జాగా వంటింట్లోకి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నేను దగ్గరికి జరిగాను. “నిజంగానే పట్టు చిక్కలేదా అత్తయ్యా?”

“నీ మొహం! ఆయన గుసగుస పక్కింటిదాకా వినబడుతుంది” అంటూ జాగ్రత్తగా కుర్చీలో కూర్చుంది. కళ్లు చెమ్మగిల్లాయి గానీ నవ్వుతూనే ఉంది. వంటింట్లో జాలీ గిర్రున తిరుగుతున్న చప్పుడు కాసేపు విని, నా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది.

“ఇదిగో, రేపు నా నడుం పూర్తిగా బాగైనా సరే, ఆ సంగతి మాత్రం ఆయనకి చెప్పకు!”