మంచం కింద మా నాన్న, మేకపోతు

సైరను మోగితే మా నాన్నా, మా మేకపోతూ ఒకే మంచం కింద దూరేవారు. మా వీధిలో అప్పటివాళ్ళెవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు, చెబుతూ పగలబడి నవ్వుతారు. వాళ్ళు నవ్వితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ నవ్వు మా ఇంటి సొత్తు. మేం కరువుతీరా నవ్వుకున్నాం, ఇంకా అయిపోలేదు.

బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన మాలాంటి తెలుగువాళ్ళకి గడియారం అక్కర్లేదు. వర్క్‌షాప్ సైరను పొద్దున్న మోగితే మగవాళ్ళు సైకిళ్ళెక్కుతారు, మధ్యాహ్నం మోగితే అన్నాలకొస్తారు, సాయంత్రం మోగితే ఆడవాళ్ళు కబుర్లు కట్టిపెట్టి పొయ్యి రాజేస్తారు. ఇవి కాక ఇంకో రకం మోత ఉంది. లైను మీద ఎక్కడైనా బండి పడిపోతే ఆగి ఆగి మోగుతుంది. అది రిలీఫ్ రైలు వాళ్ళకి పిలుపు. మా నాన్న ఆ గ్యాంగులో ఉండేవాడు. పట్టాలు తప్పిన పెట్టెల్ని జాకీలతో ఎత్తి లైను క్లియర్ చెయ్యడం వాళ్ళ పని. ఆ మోత వింటే చేతిలో పని అక్కడే వదిలి పరిగెత్తేవాడు. ఒకసారి గడ్డం ఒక చెంప గీసుకుని, రెండో చెంప అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాడు అదే అవతారంలో తిరిగొస్తే మా అమ్మ తలుపు తీసి, ఏ వైపు మొగుడిని లోపలికి రానివ్వాలో ఆలోచించి చెబుతానని గుమ్మంలోనే నిలబెట్టింది.

ఒక వానాకాలం వరదకి వంతెన కొట్టుకుపోయి బండి నీళ్ళలోకి దిగిపోయింది. నాన్న వెళ్ళి రోజులు గడిచినా రాలేదు, కబురూ లేదు. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, తలస్నానం చేసి తడిచీరతో అమ్మవారి పటం ముందు నిలబడి, కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే వచ్చే ఎండాకాలం మాత పూజకి మేకపోతును బలిస్తానని మొక్కుకుంది. నాన్న వచ్చాడు. ఒంటి మీద గీత లేదు. కానీ రోజూ తనతో ఒకే క్యారేజీలో అన్నం పంచుకుని తినే మనిషి, నాన్న చెయ్యి అందించేలోపలే నీళ్ళలోకి జారిపోయాడట. ఆ మాట మాకు ఒక్కసారే చెప్పాడు.

అప్పట్నుంచి సైరను ఏ రకంగా మోగినా రెండు చేతులతో చెవులు మూసుకుని వసారాలో నులకమంచం కింద దూరేవాడు. వీధిలోకి రావడం మానేశాడు. రైల్వే ఆసుపత్రి డాక్టరు మాత్రలిచ్చి, మెల్లగా తగ్గుతుందన్నాడు. ఎంత మెల్లగానో చెప్పలేదు. ఎండాకాలం దాటేలోగా డ్యూటీకి ఎక్కకపోతే నౌకరీ పోతుంది, నౌకరీతో పాటే క్వార్టరూ పోతుంది. మా అమ్మ బియ్యం ఏరుతూ ఆ మాట బియ్యానికి చెప్పుకునేది. నా భయం వేరు. క్వార్టరు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది, మా నాన్న ఇంకెప్పటికీ ఆ మంచం కిందే ఉండిపోతే ఏం చెయ్యాలని నాకు ఏడుపొచ్చేది.

చలి మొదలయ్యాక మామ్మ మేకపోతును తెచ్చింది. పూజ వేళకి బాగా బలవాలని ముందుగానే తెచ్చి కట్టుకోవడం మావాళ్ళ అలవాటు. గూడ్సు యార్డులో పెట్టెల్ని లైన్లు మార్చే షంటింగ్ కుదుపుకి పెట్టెలోంచి పట్టాల మీద పడ్డ జీవం అది. పక్క లైను మీద ఇంజను కూతపెడుతూ పోయిందట, దీనికి మాత్రం దెబ్బ తగల్లేదట. అమ్మవారికిచ్చేదానికి ఏ లోపమూ ఉండకూడదు కాబట్టి మామ్మ దాని కొమ్ములు, గిట్టలు, చెవులు తడిమి చూసింది. నోరు తెరిచి నాలుక కూడా చూసింది.

"నన్ను సూసుకోడానికొచ్చినప్పుడు కూడా ఇంతలాగ సూడలేదత్తా నువ్వు," అంది మా అమ్మ.

లోపం ఎక్కడుందో మర్నాడు పొద్దున్న తెలిసింది. సైరను మోగడమే తడవు, జామచెట్టుకి కట్టిన తాడు తెంపుకుని మేకపోతు వసారాలోకి ఉరికి నులకమంచం కింద దూరింది. అక్కడ అప్పటికే మా నాన్న ఉన్నాడు. ఇద్దరూ ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గరగా ఒకరినొకరు చూసుకున్నారు. మేకపోతు బెదిరి లేవబోయింది, కొమ్ములు నులకలో ఇరుక్కున్నాయి, మంచం దానితో పాటే లేచింది. మంచాన్ని నెత్తిన పెట్టుకుని అది వసారా ఆ చివరికి పరిగెత్తింది. పైన మంచం లేకపోయేసరికి నాన్న కంగారుపడి, చెవుల మీద చేతులు తియ్యకుండానే మోకాళ్ళ మీద దాని వెనకాల పడ్డాడు. మంచం అటెళితే అటు, ఇటొస్తే ఇటు. సైరను ఆగేసరికి మంచం వాకిట్లో ఉంది, మంచం కింద మేకపోతు ఉంది, మేకపోతు కింద మా నాన్న ఉన్నాడు.

అమ్మ గరిటెతో అలాగే గుమ్మంలో నిలబడిపోయింది. మంచం కిందనుంచి ఏదో చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడేమోనని అమ్మ గాభరాగా వంగి చూసింది. నాన్న నవ్వుతున్నాడు. వరద నుంచి వచ్చాక మొదటిసారి, ఊపిరాడక దగ్గుతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ నవ్వుతున్నాడు. అమ్మ గరిటె పట్టుకునే కూలబడి నవ్వింది. నేను తులసికోట పట్టుకుని నవ్వాను. మొక్కుబడి జీవంతో ఈ వేషాలేటని మామ్మ అందరినీ కసిరింది గానీ, కసురుతున్నంతసేపూ ముఖం అటు తిప్పుకునే ఉంది.

ఆ రోజు నుంచి నాన్న దానికి సైరను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మాతో పూటకి ఒక మాట మాట్లాడని మనిషి మేకపోతు ముందు గొంతుక్కూర్చుని ఉపన్యాసాలిచ్చేవాడు.

"ఏటి బాబూ నీకు భయం? అది సైరను. కరవదు, పొడవదు. కాసేపలగ అరుస్తాది, మళ్ళీ ఊరుకుంటాది. మా అత్తలాగ."

"ఇన్నాను," అనేది అమ్మ వంటింట్లోంచి.

ఈ వైద్యంలోకి పక్క క్వార్టరు గార్డు దాదా కూడా దిగాడు. రిటైరైన బెంగాలీ రైలు గార్డు ఆయన, దాదా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య. ఈల, పచ్చజెండా ఇంకా దాచుకున్నాడు, వాటికి పని దొరికిందని ఆయన సంబరం చూడాలి. నాన్న మేకపోతు మెడ పట్టుకుని వాకిట్లో కూర్చుంటే, దాదా వీధి చివర నిలబడి మెల్లగా ఈల ఊదేవాడు. రోజూ కొంచెం దగ్గరికి జరిగేవాడు. ఊదిన ప్రతిసారీ "భొయ్ నేయ్, భొయ్ నేయ్," భయం లేదు భయం లేదని అరిచేవాడు. ఒకరోజు ఉత్సాహం పట్టలేక జెండా కూడా ఊపితే మేకపోతు వెళ్ళి ఓ మూల కొరికేసింది. ఈ వైద్యమంతా మేకపోతుకేనని వీధి వీధంతా ఒప్పుకుంది. మా నాన్నకని ఎవరూ అనలేదు. అని ఉంటే ఆయన లోపలికెళ్ళి తలుపేసుకునేవాడు.

నిజం సైరనుకి మటుకు ఇద్దరూ వణికేవారు. కానీ మేకపోతు పారిపోకుండా నాన్న చెయ్యి ఒకటి దాని మెడ మీద ఉండాలి కదా, అందుకని ఒక చెవే మూసుకునేవాడు. అది ఆయన మోకాలికి ఒరిగి కళ్ళు మూసుకుని రాయిలా నిలబడేది. మోత ఆగాక నాన్న దాని వీపు మీద తట్టి "అయిపోనాది, పద" అనేవాడు. ఆ మాట పడితేనే అది కదిలేది. అంతవరకూ మేత పెట్టినా ముట్టేది కాదు.

ఇంక ఇద్దరూ ఊరి మీద పడ్డారు. ముందు పూరీ గేట్ అనే రైలుగేటు దాకా వెళ్ళి, గూడ్సు బండి పోయేదాకా నిలబడి, ఏదో ఘనకార్యం చేసినట్టు తిరిగొచ్చేవారు. తర్వాత ప్రేమ్ బజార్ దాకా వెళ్ళారు. అక్కడ టీకొట్టు దగ్గర ఇంజనీరింగ్ చదివే కుర్రాడి చేతిలో శింగాడా, అంటే బెంగాలీ సమోసా, మేకపోతు లాక్కుని తినేసింది. ఆ కుర్రాడు ఇంకోటి కొనుక్కుంటే అదీ తినేసింది. ఆ కుర్రాడు నవ్వాడు, నాన్న నవ్వాడు, మేకపోతుకి మర్నాడు కడుపు చెడి లేవలేదు. అప్పుడు తెలిసింది మాకు అసలు సంగతి. పొద్దున్న సైరనుకి చెయ్యి వెయ్యడానికి పక్కన మెడ లేకపోయేసరికి, నాన్న రెండు చెవులూ మూసుకుని మళ్ళీ మంచం కిందకి వెళ్ళిపోయాడు.

ఈలోగా ఎండలు ముదిరాయి, మాత పూజ దగ్గరపడింది. మామ్మకి తిండి సహించలేదు. పటం ముందు కూర్చుని అమ్మవారితో బేరాలాడేది.

"తల్లీ, ఇత్తానన్నదాన్ని నానే. మాట తప్పినానని కోపం సెయ్యకు. పోతుకి బదులు పుంజు తీసుకుంటావా? పట్టుసీర పెట్టమంటావా? పోనీ ఆ గుమ్మడికాయ తీసుకుంటావా?"

"గుమ్మడికాయ నిన్న కూరొండేసినానత్తా," అంది అమ్మ.

మామ్మ నవ్వలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇత్తే ఆడు మళ్ళీ మంచం కిందకెల్తాడు. ఇవ్వకపోతే తల్లి ఆడినే అట్టుకుపోతాదేమో. నానేటి సెయ్యనే?" అంది. 

నాన్నే వెళ్ళి పూజ చేయించే పెద్దాయన్ని అడిగాడు. ఆయన మా వాళ్ళ ఆచారం చెప్పాడు. జీవం మీద పసుపునీళ్ళు పోస్తారు. ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, విదల్చకపోతే వద్దన్నట్టు. వద్దన్నాక మొక్కు తీరినట్టే.

"ఇదల్చనిదాన్ని ఎప్పుడైనా సూసినారా?" అని నాన్న అడిగాడు.

"నా ఎరికలో లేదు బాబూ."

నాన్న ఇంటికొచ్చి కుళాయి దగ్గర మేకపోతు మీద చెంబుడు నీళ్ళు పోసి చూశాడు. అది ఒళ్ళు విదిలించిందంటే విదిలించడం కాదు, నేనూ అమ్మా ఆరేసిన దుప్పట్లూ అందరం తడిశాం. రెండో చెంబు పోయబోతుంటే మామ్మ లాక్కుంది. "అమ్మవారి కాడ దొంగాటలేటిరా? ఇదల్చకుండా దానికి నేర్పినావంటే నీ పేరున ఇంకో పోతుని మొక్కుకుంటాను," అంది. ఇంక ఎవరూ నీళ్ళు పోసి నేర్పలేదు.

పూజ రోజు పందిరి కింద ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పులు, సన్నాయి, ఘటాలు, వేపకొమ్మలు. మామూలుగా అయితే నాకు ఒళ్ళు తెలియని ఆనందం. ఆ రోజు అమ్మ కొంగు వదల్లేదు. మా మేకపోతుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, వేపమండల దండ వేశారు. ఆ దండనే అది నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది. మొక్కిన ఇంటివాళ్ళు తాడు పట్టుకోవచ్చు గానీ ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. నాన్న రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడ్డాడు. 

పెద్దాయన పసుపునీళ్ళ బిందె ఎత్తాడు. డప్పులు ఆపించాడు. సరిగ్గా బిందె వంచేవేళకి వర్క్‌షాప్‌లో మధ్యాహ్నం సైరను మోగింది.

మేకపోతు నమలడం ఆపేసింది. మెల్లగా జరిగి నాన్న మోకాలికి ఒరిగి, కళ్ళు మూసుకుంది. నీళ్ళు దాని వీపు మీద పడ్డాయి. కదల్లేదు. కొమ్ముల మధ్య పోశారు. కదల్లేదు. "సెవులో పొయ్యండి, సెవులో," అన్నారెవరో, చెవిలోనూ పోశారు. సైరను మోగి మోగి ఆగిపోయింది. అయినా అది కదల్లేదు. గడ్డం కొసనుంచి పసుపునీళ్ళు కారుతున్నా కళ్ళు తెరవకుండా నాన్న మాట కోసం చూస్తోంది. నాన్న ఆ మాట అనడం లేదు. తాడు పట్టుకుని, నోరు తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తున్నాడు.

పెద్దాయన బిందె దించాడు. "అమ్మ ఒద్దంటాంది. ఇప్పి తోలుకెల్లండి," అన్నాడు. జనం ఒక్కసారి గొల్లున నవ్వారు. గార్డు దాదా జేబులో ఈల తీసి ఊదేశాడు. అమ్మా నేనూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నాం, ఏడుస్తున్నాం, ఏది ఏదో మాకే తెలీదు.

మామ్మ ఒక్కతే మేకపోతు వైపు చూడటం లేదు. నేల మీద చతికిలబడి కొడుకు చేతుల వైపు వేలు చూపిస్తోంది.

"మేకపోతుని కాదర్రా. ఆడి సేతులు సూడండి."

చూశాం. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. నాన్న మా అందరి ముఖాలూ చూసి కంగారుపడ్డాడు.

"ఏటైనాదమ్మా?"

"సైరను మోగినాది నాయినా," అంది మామ్మ.

"ఎప్పుడు?" అన్నాడు మా నాన్న.