మెహర్ అంటే మొహర్రం కాదు

గత గురువారం మధ్యాహ్నం నా భార్య చనిపోయింది. ముందు ఆ రోజు సంగతి చెబుతాను.

ఉదయం ఆరింటికి లేచింది. కాఫీ తనే కలిపింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, తను పనిచేసే డిస్పెన్సరీకి రానని ముందురోజే కబురు పంపింది. నేను కూడా ఆఫీసుకు సెలవు పెట్టాను. పది గంటలకు నేరేడ్‌మెట్ నుంచి ఒక నర్సు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. వైద్య కళాశాలలో చేరాలని, పని చేసుకుంటూనే చదివి ఈ ఏడు ఇంటర్మీడియట్ పాసైంది. ఇద్దరూ వరండాలో కూర్చుని అర్జీ రాశారు. లోపల పేపరు చదువుతున్న నాకు వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"చివరి తేదీ ఎప్పుడు?"

"నెలాఖరు దాక ఉన్నదంట డాక్టరమ్మా."

"అంట ఏమిటి? నోటీసు నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?"

"మా పెద్ద నర్సమ్మ చెప్పింది."

"అయితే నీకింకా తెలియనట్టే. వెళ్ళి కళ్ళారా చూసి రా. ఎందుకంటావా, లోపల పేపరు చదువుతున్న ఆయన్ని అడుగు. బాగా చెప్తారు."

నర్సు నవ్వింది. నేను పేపరు ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాను.

ఒంటిగంటకు భోజనం చేశాం. తరువాత ఆ కాగితాలు ఇంకోసారి చూస్తానని వరండా కుర్చీలో కూర్చుంది. రెండింటికి మంచినీళ్ళు తీసుకెళ్ళాను. కాగితాలు ఒళ్ళో ఉన్నాయి. పెన్సిలు కింద పడి ఉంది. ఆమె వెళ్ళిపోయింది.

సమాధుల తోట దగ్గర ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి, "అయిదేళ్ళు చదివి, పైన ఆసుపత్రిలో శిక్షణ కూడా పొంది, చివరికి పద్దెనిమిది నెలలు పనిచేసింది. ఎంత వృథా!" అన్నాడు. జాలితోనే అన్నాడు. ఈ నాలుగు మాటలు ఆయన కోసం రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అదీ రాస్తాను.

ఆమెది గుంటూరు. సైన్సు తీసుకుని ఇంటర్మీడియట్ చదివింది. డాక్టరు కావాలనుకుంది. తండ్రి పోవడంతో ఇద్దరు తమ్ముళ్ళ చదువు ఆమె మీద పడింది. సికింద్రాబాదు వచ్చి మిషన్ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరింది. నేను రైల్వే ఆఫీసులో టైమ్ టేబుల్ విభాగంలో గుమాస్తాని. పెళ్ళిమాటలప్పుడు ఆమె నాతో విడిగా మాట్లాడాలంది.

"నేను డాక్టరు చదువుతానండీ. ఎప్పుడన్నది తెలియదు. చదవడం మాత్రం ఖాయం. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి."

ఇష్టమేనన్నాను.

"అంత త్వరగా వద్దు. ఆదివారం దాకా ఆలోచించుకోండి."

ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి బయట మళ్ళీ అదే చెప్పాను. అప్పుడు ఒప్పుకుంది.

అప్పుడు నిజాం పాలన. హైదరాబాదులో వైద్య విద్య ఉర్దూలో ఉండేది. ఆమెకు ఉర్దూ అక్షరం రాదు. చిలకలగూడలో మా గోడకు అవతల సాహెబు గారి ఇల్లు. వరంగల్ వైపు మనిషి. హైదరాబాదు నగరంలో విద్యాశాఖ ఆఫీసులో పని. సాయంత్రాలు ఆయన మనవరాలికి ఈమె ఇంగ్లీషు చెప్పేది, ఈమెకు ఆయన ఉర్దూ చెప్పేవాడు.

"టీచరమ్మా, నువ్వు రాసిన అక్షరం కడుపుల చుక్క పెట్టాలె. చుక్క మరిస్తే మాటే మారిపోతది. జెర చూసుకో."

రెండేళ్ళు అలా కూర్చుని నేర్చుకుంది. పలకలాంటి చిన్న నల్లబల్ల మీద రాసి తుడిచేది. నేను పక్కనే ఉండి ఒక్క ముక్క కూడా నేర్చుకోలేదు.

పోలీసు చర్య జరిగిన ఏడు వేసవిలో గుంటూరులో వాళ్ళ అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఈమె వెళ్ళింది. ఆ తరువాత దారులు పాడయ్యాయి. రజాకార్ల భయంతో ఇక్కడివాళ్ళే పెట్టెలు సర్దుకుని కోస్తాకు పోతున్న రోజులు. అర్జీ గడువు కనుక్కుని రాయమని నాకు చెప్పి వెళ్ళింది. ఆమె నాకు అప్పగించిన పని అదొక్కటే.

ఒకరోజు ఆఫీసుకు పరుగెడుతుంటే సాహెబు గారు గోడ మీదుగా కేక వేశాడు. "సార్, టీచరమ్మకు ఖత్ రాయున్రి. మెహర్ పదిహేను దాక అర్జీలు తీస్కుంటరు."

సరేనని చెయ్యి ఊపాను.

రైల్వేలో మాకు ఇంగ్లీషు నెలలు. సికింద్రాబాదంతా దాదాపు అంతే. టాంక్‌బండ్ దాటితే నిజాం సర్కారు కాగితాల మీద ఫస్లీ పంచాంగం నెలలు. అందులో మెహర్ అంటే ఆగస్టు. ఆరేళ్ళు ఈ ఊళ్ళో ఉండి నేను ఆ సంగతి తెలుసుకోలేదు. మెహర్ అంటే మొహర్రం అనుకున్నాను. పీర్ల పండుగ నెల. కేలండరు తీసి చూస్తే ఆ ఏడు మొహర్రం నవంబరులో వచ్చింది. వెంటనే ఉత్తరం రాశాను: "తొందర లేదు. నవంబరు దాకా గడువు ఉంది. దారులు బాగుపడ్డాక రా."

గోడ దగ్గరికి వెళ్ళి ఏ నెలని ఒక్కమాట అడిగితే సరిపోయేది. నాకు తెలుసుననుకున్నాను. తెలియదని సిగ్గుపడి ఊరుకోవడం కంటే అది పెద్ద తప్పు.

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అక్టోబరులో ఆమె వచ్చింది. పెట్టె దించి, ముందు సాహెబు గారి ఇంటికే వెళ్ళింది. వాళ్ళ తలుపు సగమే తెరిచి ఉంది. ఆయన కొన్ని రోజులుగా ఆఫీసుకు పోవడం లేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి. ఆమె ఇంట్లో అందరి క్షేమం అడిగింది. మనవరాలి తల నిమిరింది. తరువాత అంది:

"సాహెబు గారూ, మొహర్రం ఇంకా రాలేదుగా. రేపు వెళ్ళి అర్జీ ఇచ్చేస్తాను."

"మొహర్రంల ఏమున్నదమ్మా? అర్జీలు మెహర్‌లనే అయిపాయె గద. సార్‌కు చెప్పిన."

ఆమె నా వైపు చూసింది.

"మెహర్ వేరే, మొహర్రం వేరే సార్. అది సర్కారు నెల. ఇది చంద్రుని నెల," అన్నాడాయన, తప్పు తనదే అయినట్టు మెల్లగా. "ఖసూర్ నాదే. గోడ మీదికెల్లి చెప్పకుండ ఇంటికొచ్చి చెప్పాల్సుండె."

ఆయన నెత్తిన ఉన్న బాధలకు అదొకటి కలిపాను.

వాళ్ళ గుమ్మం నుంచి మా గుమ్మానికి పది అడుగులు. ఆమె లోపలికొచ్చి చెప్పులు విడిచి అంది: "ఊళ్ళో బండ్లన్నిటికీ టైము రాసిచ్చే మనిషి! అవి ఇంతవరకు ఎలా గుద్దుకోలేదో?" నవ్వింది కూడా. వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు పొయ్యి వెలిగిన అలికిడి లేదు. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. పీట మీద కూర్చుని, వెలిగించని పొయ్యి వైపు చూస్తోంది.

"నాకు ఇరవై ఎనిమిది," అంది. "ఒక్క ఏడాదే కదా అనకండి. ఆలస్యంగా బయలుదేరినవాళ్ళకి ఒక్క ఏడాది అంటూ ఉండదు."

నేను పొయ్యి వెలిగించాను.

మర్నాడు బడి నుంచి వస్తూ భౌతిక, రసాయన శాస్త్రాల పుస్తకాలు తెచ్చుకుంది. పదేళ్ళ కిందటి చదువు మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. సాహెబు గారి దగ్గర ఉర్దూ కూడా మానలేదు.

తరువాతి ఏడు చదువు ఇంగ్లీషులోకి మారింది. ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు నెలలు వచ్చాయి. నా పొరపాటు మంచికే జరిగిందని కొందరు ఓదార్చారు. నేను ఒప్పుకోను. ఆమె ఉర్దూలోనూ చదివి గట్టెక్కేది. ఆ ఉర్దూతోనే వార్డులో ముసలమ్మలను మాట్లాడించి, డాక్టర్లకు చెప్పని బాధలు బయటికి లాగేది.

ఆ ఏడు నోటీసును సాహెబు గారే రాసుకొచ్చాడు. ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో మూడుసార్లు. నా చేతిలో పెట్టి, "ఈసారి చెవులు ఇంట్ల పెట్టి కండ్లు తీస్కపోన్రి సార్," అన్నాడు. అప్పటికి ఆయనకు ఉద్యోగం లేదు. అయినా నగరం దాకా వెళ్ళి రాసుకొచ్చాడు. ఆయన చేతిరాత మీద నమ్మకం ఉండి కూడా, ఆమె తనే వెళ్ళి బోర్డు చూసి వచ్చింది.

ఇంటర్వ్యూలో ఒక డాక్టరు గారు అడిగారట, ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావని. "పోయిన ఏడే రావలసిందండి. రాలేకపోయిన కారణం బయట బెంచీ మీద కూర్చుని ఉంది. పిలవమంటారా?" అందట. లోపలి నుంచి నవ్వులు వినబడి, ఎందుకో తెలియక నేను లేచి నిలబడ్డాను.

సీటు వచ్చింది. క్లాసులో అందరికంటే పెద్దది. పిల్లలంతా అక్కా అనేవాళ్ళు. మూడో ఏడు స్టెతస్కోపు పట్టడం నేర్పుతుండగా ఒక పిల్ల సరదాగా ఈమె గుండె విని, మళ్ళీ విని, చెవుల్లోంచి తీసి, నేర్పుతున్న డాక్టరు గారిని పిలిచింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని పాడు చేసిందని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పింది.

"మా బ్యాచి అదృష్టం. పుస్తకంలో ఉన్న చప్పుడు ఉన్నట్టుగా నా దగ్గరే వినొచ్చు. అందరినీ వరసలో నిలబెట్టి వినిపించాను."

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"ఒక్కటే," అంది. "తొందర లేదు అనే మాట మన ఇంట్లో ఇక వద్దండీ."

చదువు మానేద్దామా అని ఎవరూ అనుకోలేదు. ఆమె అనుకోలేదు, నేను అడగలేదు. అంతకు ముందు వారానికి ఒకసారి రాసే నోట్సు రోజూ రాయడం మొదలుపెట్టింది.

డాక్టరయ్యాక ఏ కాగితం మీదా నెలను అంకెతో రాయలేదు. మందుల చీటీ మీద కూడా నెల పేరు పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో. చదువు రానివాళ్ళయితే మళ్ళీ రావలసిన రోజు వాళ్ళచేత తిరిగి చెప్పించుకునేది. "ఎప్పుడు రావాలి?" "ఆదివారం తెల్లారి." "ఆదివారమా, ఆ మర్నాడా?" "సోమారం అమ్మా." అప్పుడు పంపేది. ఎందరికి పురుడు పోసింది, ఎన్ని జ్వరాలు చూసింది అంటే నాకు తెలియదు. ఆమె లెక్కపెట్టలేదు.

నా వల్ల పోయింది ఎంతో మాత్రం నాకు తెలుసు. పద్దెనిమిది నెలలు కాదు, ముప్పై నెలలు ఉండేవి. ఆ పన్నెండు నెలల మీద నాకు ఓదార్పు అక్కరలేదు.

వృథా అన్న పెద్దమనిషికి నా జవాబు ఇది. పనిచేయడానికి ఆరు నెలలే మిగులుతాయని తెలిసినా ఆమె మొదలుపెట్టి ఉండేది. ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. గుండె సంగతి తెలిశాక కూడా ఆమె పుస్తకం మూయకపోవడం కళ్ళారా చూశాను.

నిన్న ఆ నర్సు తన కాగితాల కోసం వచ్చింది. సాహెబు గారు కూడా ఉన్నాడు, రోజూ వచ్చి వరండాలో ఒక గంట కూర్చుంటున్నాడు. నర్సు నా భార్య కుర్చీలో కూర్చోలేదు. ఖాళీ కుర్చీ అదొక్కటే.

"వచ్చే ఏడు రాస్త సార్. ఇప్పుడు మనసు లేదు. డాక్టరమ్మ లేకుంటే నాతోని అయితదా? జెర నిదానంగ చూస్కుంట."

తొందర లేదమ్మా అనబోయాను. మర్యాదకు ఎవరైనా అనే మాటే. నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

లోపలికెళ్ళి కాగితాలు తెచ్చాను. మొదటి పేజీ అంచున పెన్సిలుతో ఆమె రాత ఉంది: "తేదీ చూశావా?"

నర్సు చేతికిచ్చాను. చదివి కళ్ళు తుడుచుకుంది. "లేదు సార్, ఇంక చూడలే," అంది.

"టీచరమ్మ అడుగుతున్నది బేటా. జవాబు చెప్పకపోతే ఊకుంటదా?" అన్నాడు సాహెబు.

రేపు ఉదయం తొమ్మిదింటికి ఆ నర్సు మా ఇంటికి వస్తుంది. ఇద్దరం బస్సులో టాంక్‌బండ్ మీదుగా నగరానికి వెళ్తాం. కళాశాల నోటీసు బోర్డు ముందు నిలబడి చివరి తేదీ ఆమెను చదవమంటాను. తరువాత నేను చదువుతాను, నెల పేరు పైకి.