బజ్జీల కాగితంలో హైడ్రోజన్ బాంబు

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పెద్ద దేశాలు సముద్రాల్లోనూ ఎడారుల్లోనూ బాంబులు పేల్చి చూసుకున్న రోజుల నాటి పత్రికలు పోగుచేయడం నాకు పిచ్చి. హైడ్రోజన్ బాంబుకు దీవి మాయమైన వార్త పక్కనే తలనూనె ప్రకటన ఉండేది. లోకం బూడిదైనా మనిషికి జుట్టు ఊడకూడదు! అది చూసినప్పుడల్లా నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చేవి. మా ఆవిడకు మాత్రం చెదలే కనిపించేవి.

"ఇంకొక్క పాత కాగితం గడప దాటిందా, ఆ పత్రికల పెట్టెతో పాటు మిమ్మల్నీ బయట పెడతా" అని తేల్చేసింది.

అప్పుడు, ఎనభైల్లో, నేను నరసరావుపేటలో లారీ ఆఫీసు గుమాస్తాని. ఒక సాయంత్రం ఆఫీసు ఎదుటి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని చూద్దును కదా, చేతిలో కాగితం యాభైల నాటిది! చనిపోయిన ప్లీడరు గారింటి పాత పత్రికల కట్టను బండి బాబాయి కొన్నాడట. కట్ట మొత్తం నాకిచ్చెయ్యమని బతిమాలాను.

"కుదరదయ్యా. ఇది వచ్చినకాణ్ణించే నా బేరం కలిసొచ్చింది. దీన్ని అమ్మితే లక్ష్మిని అమ్ముకున్నట్టే. కావాలంటే బజ్జీలు తిని, కాగితం పట్టుకుపో."

పైనుంచి వరసగానే తీస్తాడు, మధ్యలో చెయ్యి పెట్టనివ్వడు. ప్రతి పేజీనీ ముక్కలుగా చింపుతాడు. ఏం చేయను, రోజూ తిన్నాను. నూనె ముక్కలకు సుద్దపొడి అద్ది ఆఫీసు సొరుగులో దాచాను. కడుపు మండిపోయేది. ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు, ఆకలి లేదనేవాణ్ణి.

చివరికి ఒకరోజు, ఏళ్లుగా వెతుకుతున్న ఫొటో దొరికింది. సముద్రంలోంచి స్తంభంలా లేచిన హైడ్రోజన్ బాంబు పొగ. కానీ సగమే! పైన గొడుగులా విచ్చుకున్న భాగం లేదు.

"బాబాయ్, దీని పైముక్క ఎవరికిచ్చావ్?"

"ఇందాక మీ ఇంటామెకే కట్టిచ్చా గదయ్యా."

ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ పొయ్యి ముందు కూర్చుని బజ్జీలు వేస్తోంది.

"బండి బజ్జీలు కట్టిన కాగితమేది?"

"పొయ్యి రాజేశా."

అరవబోయాను. ఆవిడ ఇటు తిరక్కుండానే అంది: "చానా రోజుల్నించి నా వంట ముట్టుకోటల్లా. ఒంటి నిండా బజ్జీల వాసన. ఆ బండాయన చేతిలో ఉండేదేందో, నా చేతిలో లేందేందో చూద్దామని తెచ్చుకు తిన్నా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సంగతంతా చెప్పాను.

"కాగితం కోసం కడుపు కాల్చుకున్నారా!" అని వేడి బజ్జీల పళ్ళెం నా ముందుకు తోసింది. ఒక్కటీ మిగల్చకుండా తిన్నాను.

ఇప్పుడా పొగస్తంభం మా గోడ మీద తల లేకుండానే ఉంది. ఫ్రేము కట్టించింది ఆవిడే. పైభాగం ఏదని ఎవరైనా అడిగితే, నేను నోరు తెరిచేలోపే చెబుతుంది:

"దాంతోనే పొయ్యి రాజేసి ఈయనకి బజ్జీలు వేసి పెట్టా. ఆ రోజు నించే మళ్ళీ ఇంట్లో అన్నం తింటన్నారు."