బావికి పైన తవ్విన గుంత

పెళ్లయి నాచారం వచ్చిన మరుసటి ఎండాకాలం, మా ఇళ్లకు ఎగువనున్న చెలకలో రంగుల ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టారు. మా ఆయనకు అక్కడే మట్టి తవ్వే పని దొరికింది. కొడుక్కి ఇంటి పక్కనే నౌకరి దొరికిందని అత్తమ్మ వాడకట్టంతా చెప్పుకుంది.

ఒక సాయంత్రం అన్నం తింటూ ఆయన, ఇప్పుడు తవ్వుతున్నది రంగునీళ్లు వదిలే గుంత అన్నాడు.

"ఏడ తవ్వుతున్నరు?" అంది అత్తమ్మ.

"బావికి మీది దిక్కు, గా ఎత్తు మీద."

వడ్డిస్తున్న ఆమె చేయి ఆగింది. మేమందరం తాగేది ఆ బావి నీళ్లే. "గా నీళ్లు భూమిల ఇంకి బావిలకే రావా?"

"నన్నడుగుతవేందే? తవ్వమన్నరు, తవ్వుతున్న."

తెల్లారి ఆమె నన్నూ, ఇరుగుపొరుగు ఆడవాళ్లనూ వెంటబెట్టుకుని వెళ్లింది. గుంత నడుంలోతు ఉంది. లోపల మా ఆయన గడ్డపారతో నిలబడి ఉన్నాడు. అత్తమ్మ కుచ్చిళ్లు దోపుకుని అందులోకి దిగి కూర్చుంది. వెనకే మేమూ దిగాం.

"లే అమ్మ, నీ కాల్మొక్త. నా నౌకరి పోతది," అన్నాడాయన గొంతు తగ్గించి.

అత్తమ్మ కదల్లేదు.

"వాళ్లను పైకి గుంజు, లేకుంటే నువ్వు ఇంటికి పో," అని మేస్త్రీ ఆయన మీద కేకలేశాడు. ఆయన గడ్డపార గట్టు మీద పెట్టి, తల్లి వంక చూడకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఇంజనీరు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన పడుచువాడు.

"గుంత దిగువనే ఉండాలని నేనూ చెప్పానమ్మా. అంత దూరం పైపు ఎందుకని యజమాని ఒప్పుకోలేదు."

"అయితే మల్ల చెప్పు సారూ. అందాక మేం ఈడనే ఉంటం."

అతను లోపలికి వెళ్లాడు. గోడ వెనక అరుపులు వినిపించాయి. పొద్దుగూకే ముందు వచ్చి, గుంతను బావికి దిగువన, నాలా పక్కకు మారుస్తామన్నాడు. నీళ్లు ఇంకకుండా రాయి పరిచి సిమెంటు పూయిస్తామన్నాడు. అన్నట్టే చేశారు. మా ఆయన్ని మాత్రం మళ్లీ పనికి పిలవలేదు. ఆయన ఉప్పల్ దాకా నడిచి కూలి వెతుక్కున్నాడు. తల్లితో చాన్నాళ్లు ముక్తసరిగానే మాట్లాడాడు.

బావి నీళ్లు బాగానే ఉన్నాయి. కానీ వానలకు గుంత పొంగి నాలా ఎర్రబడింది. ఆ నాలా నీళ్లతోనే దిగువన ఆకుకూరలు పండించే ఒకామె వచ్చి, మా వాకిట్లో మాడిన తోటకూర పడేసింది.

"మీ బావి మంచిగుంది. మా మడులు ఖరాబైనయ్. గా నీళ్లను మా దిక్కు తోల్తిరి గదా అక్కా!"

అత్తమ్మ ఆ ఆకులు చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. చివరికి లేచి, "నడువు చెల్లె, పోయి అడుగుదాం," అంది. ఈసారి మా ఆయన కూడా మా వెంట వచ్చాడు.

పక్కనే ఇంకో గుంత కట్టి, రెండింటి మీదా వాన పడకుండా రేకులు కప్పేదాకా ఫ్యాక్టరీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. ఆమె మడుల్లో మాత్రం ఆ ఏడు మళ్లీ ఏమీ మొలవలేదు.