సిమెంటు పూసిన గుంబజ్

నిన్న ఝరాసంగం వైపు నుంచి జహీరాబాద్ వస్తుంటే నా బండి ముందు ఒక ట్రాక్టర్ పాత ఎర్రరాళ్లు నింపుకొని పోతోంది. ఒక రాయికి ఇంకా సున్నపు పువ్వు అంటుకొని ఉంది. మా ఊరి మసీదు కమాను మీది పువ్వు అది. దాటి వెళ్లడానికి మనసొప్పక, జహీరాబాద్ వచ్చేదాకా ఆ దుమ్ములోనే దాని వెనక వచ్చాను.

ఆ మసీదు ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు, శిలాఫలకం లేదు. సివిల్ డిప్లొమా చదివేటప్పుడు టేపు పట్టుకొని దాన్ని ఆసాంతం కొలిచాను: నల్లరాతి పునాది, చిల్లుల ఎర్రరాతి గోడలు, ముందు మూడు కమాన్లు, పడమటి గోడలో నమాజు దిక్కు చూపే గూడు, పైన ఇటుకతో కట్టిన గుండ్రటి గుంబజ్, దాని అడుగున చుట్టూ తామర రేకులు. ఇనుము ఒక్క ముక్క లేదు. అంతటినీ పట్టి ఉంచింది సున్నమే. ఏటా రంజాన్‌కు ముందు కొత్త సున్నం పూసేవారు. కరక్కాయ నీళ్లతో కలిపే ఆ సున్నంలోకి బెల్లం మా నాయనమ్మ పంపేది. పిల్లలం దారిలో కొంత తినేసేవాళ్లం. అయినా గోడ గట్టిగానే ఉండేది.

మసీదు బాగోగులు చూసేది మా నాన్న స్నేహితుడు. నేను చాచా అనేవాణ్ణి. సున్నం బట్టీ మూతపడ్డాక ఆయనే ఇల్లిల్లూ తిరిగి సిమెంటు పోగుచేసి, గుంబజ్‌కూ గోడలకూ మందంగా పూయించాడు. "ఈ ముసల్ది ఏటేటా సున్నం తింటుండె. ఇగ దాని నోరు మూసినం" అని నవ్వేవాడు.

సున్నంలోంచి రాతిలోని తడి బయటికి పోయే దారి సిమెంటుతో మూసుకుపోయింది. కొన్నేళ్ల వానలకు గుంబజ్ నిలువునా చీలింది. కూల్చాలా, నిలబెట్టగలమా చెప్పమని మసీదు పెద్దలు నన్ను పిలిచారు. సిమెంటు పెళ్ల ఒకటి ఊడదీసి వేలు పెడితే, ఎర్రరాయి తడి మట్టిలా వేలికి అంటింది.

పక్కనే నిలబడ్డ చాచా అడిగాడు. "నిలవడుతదా బిడ్డా?"

"నిలవడది చాచా."

"గంత మంచిగ సిమెంట్ కొట్టిస్తిమి గదరా. ఎట్ల పలిగింది?"

వేలు ప్యాంటుకు తుడుచుకున్నాను. "వానలు ఎక్కువైనయి చాచా."

"గంతే అంటవా? సిమెంట్ లేకుంటే ఎన్నడో పోతుండె, కాదా?"

అవునన్నాను.

మసీదు కూల్చేశారు. ఇప్పుడు చాచా రేకుల షెడ్డులో నమాజు చేసుకుంటూ, గుంబజ్‌కు తానే కొన్నేళ్ల ఆయుష్షు పోశానని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఆయన ఉన్నంతకాలం నేను కాదనను. ఆ తర్వాత నిజం చెప్పడానికి కాలం బోలెడు మిగులుతుంది. చూపించడానికి గోడ ఉండదు, వినవలసిన మనిషీ ఉండడు.